షాపు కంప్యూటర్‌కు ఎవరో తాళం వేస్తే

ప్రశ్న: మాది తెనాలిలో హార్డ్‌వేర్, పెయింట్ల షాపు. మొన్న పొద్దున్నే కంప్యూటర్ ఆన్ చేస్తే ఫైళ్ల పేర్ల చివర ఏవో కొత్త అక్షరాలు చేరి ఉన్నాయి, ఒక్కటీ తెరుచుకోవడం లేదు. ప్రతి ఫోల్డర్‌లో ఒక నోట్ ఉంది, 72 గంటల్లోపు డబ్బు కడితే సగం ధరకే విడిపిస్తారట. బ్యాకప్ తీసే పెన్‌డ్రైవ్ ఎప్పుడూ కంప్యూటర్‌కే పెట్టి ఉంటుంది, దాంట్లోవి కూడా పోయాయి. అరువు ఖాతాలన్నీ అందులోనే ఉన్నాయి, రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. కట్టేయమంటారా?

జవాబు: కట్టకండి. ఇది రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వైరస్. కట్టాక తాళంచెవి ఇస్తారన్న నమ్మకం లేదు, ఇవ్వకపోతే అడగడానికి ఎదురుగా మనిషీ ఉండడు. మీ టెన్షన్ నాకు అర్థమవుతోంది, కానీ ఆ 72 గంటల గడువు పెట్టిందే మీరు నిదానంగా ఆలోచించకుండా ఉండడానికి.

ముందు నెట్ కేబుల్ పీకేసి వైఫై ఆపండి. రిపేరు కుర్రాడు వచ్చి 'ఫార్మాట్ కొట్టేద్దాం సార్' అంటే మాత్రం ఒప్పుకోవద్దు. ఆ హార్డ్ డిస్క్‌ను అలాగే తీసి పక్కన పెట్టి, కొత్త డిస్క్ వేసుకుని పని మొదలుపెట్టండి. ఎందుకంటే ఇవాళ తెరుచుకోని ఫైళ్లకు ఏడాది తర్వాత తాళంచెవి దొరికిన సందర్భాలున్నాయి. 'నో మోర్ రాన్సమ్' అని ఒక ఉచిత సైట్ ఉంది, నెదర్లాండ్స్ పోలీసులు, యూరప్ దేశాల ఉమ్మడి పోలీసు సంస్థ యూరోపోల్, రెండు యాంటీవైరస్ కంపెనీలు కలిసి 2016లో మొదలుపెట్టారు. ఆ నోట్‌నూ, పాడైన ఫైలు ఒకదాన్నీ అందులో పెడితే ఏ రకం వైరసో చెబుతుంది, తాళంచెవి ఉంటే ఉచితంగానే ఇస్తుంది.

మీరు రాసిన లక్షణాలు 'స్టాప్' అనే రకానికి దగ్గరగా ఉన్నాయి. అదే అయితే రెండు సంగతులు తెలుసుకోండి. తాళం వేసే సమయంలో అది తన సర్వర్‌ను, అంటే నేరగాళ్ల కంప్యూటర్‌ను, నెట్‌లో అందుకోలేకపోతే, తనలోనే ఉన్న, చాలామందికి వాడిన ఒకే తాళాన్ని వేస్తుంది, అలాంటి తాళాల్లో కొన్నిటి చెవులు బయటపడ్డాయి, మీదీ వాటిలో ఒకటి కావచ్చు. రెండోది, ఈ రకం పెద్ద ఫైళ్లలో మొదటి కొంత భాగాన్నే పాడుచేస్తుంది, కాబట్టి డేటా రికవరీ తెలిసినవాళ్లు పెద్ద డేటాబేస్ ఫైలు నుంచి కొంతైనా లాగగలరు. ఇది చాలాసార్లు పాస్‌వర్డ్‌లు దొంగిలించే ఇంకో వైరస్‌ను కూడా వెంట తెస్తుంది, అందుకని మెయిల్, నెట్ బ్యాంకింగ్, జీఎస్టీ పాస్‌వర్డ్‌లన్నీ వేరే ఫోన్ నుంచో వేరే కంప్యూటర్ నుంచో ఈరోజే మార్చేయండి.

లెక్కలు తిరిగి కట్టుకోవడం కష్టమే, కానీ అసాధ్యం కాదు. మీరు జీఎస్టీలో నమోదైన షాపులకు అమ్మినవి జీఎస్టీఆర్-1లో బిల్లువారీగా ఉంటాయి, మీకు సరుకిచ్చినవాళ్ల బిల్లులు జీఎస్టీఆర్-2బిలో కనిపిస్తాయి. బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకోండి, వాట్సాప్‌లో పంపిన బిల్లులు వెతకండి. చిల్లర అరువులకు మాత్రం పాత బిల్లు పుస్తకాలూ మీ జ్ఞాపకమే దిక్కు, అవి మరుగున పడకముందే కూర్చుని రాసేయండి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు చేసి ఆ రసీదు దాచుకోండి. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కలు వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు ఉంచాలి, రేపు ఎవరైనా అడిగితే ఏం జరిగిందో చూపించడానికి కాగితం ఉండాలి.

ఇక అసలు ఇది ఎలా వచ్చిందో చూడాలి. షాపులో ఏదైనా క్రాక్ సాఫ్ట్‌వేర్, అంటే డబ్బు కట్టకుండా వాడే దొంగ కాపీ, వేయించారా? ఈ రకం ఎక్కువగా వచ్చే దారి అదే. క్రాక్ వేసేటప్పుడు 'ముందు యాంటీవైరస్ ఆపండి' అని రాసి ఉంటుంది, మనం మన చేత్తోనే ఆపేస్తాం. కొన్ని వేలు మిగులుతాయని ఏళ్ల లెక్కలను పణంగా పెట్టకండి, ఈ విషయంలో నేను ఎవరికీ సర్దిచెప్పలేను. ఆడిటర్ ఇంటి నుంచి చూసుకోవడానికని రిమోట్ డెస్క్‌టాప్ (దూరం నుంచి మీ కంప్యూటర్‌ను వాడే సదుపాయం) తెరిచి, తేలిక పాస్‌వర్డ్ పెట్టి వదిలేయడం ఇంకో దారి. అప్‌డేట్లు ఆపేయడం కూడా అంతే. 2017 మే 12న వన్నాక్రై అనే ఇలాంటి వైరస్ ప్రపంచాన్ని చుట్టేసినప్పుడు మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి, దాన్ని అడ్డుకునే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే విడుదల చేసింది. మీది విండోస్ 10 అయితే దానికి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసిపోయింది, మార్చుకోవాలి.

బ్యాకప్‌కు రెండు హార్డ్ డిస్కులు కొనండి. షాపు కట్టేసేముందు ఒకదాన్ని తగిలించి, కాపీ అయ్యాక పీకేయాలి, మర్నాడు రెండోది. ఏ రోజైనా ఒకటి ఇంట్లో ఉండాలి. తగిలించి ఉన్న డిస్కు బ్యాకప్ కిందకు రాదు, వైరస్‌కు అదీ ఇంకో డ్రైవే. గూగుల్ డ్రైవ్‌లో ఉన్నాయిలే అనుకోవద్దు, పాడైన ఫైళ్లు కూడా అక్కడికి చేరిపోతాయి, పాత కాపీలు సాధారణంగా 30 రోజులే ఉంటాయి. నెలకోసారి బ్యాకప్‌ను వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి, తీస్తున్నామనుకుంటూ ఖాళీ ఫోల్డర్ కాపీ చేసుకుంటున్నవాళ్లు ఉన్నారు. బిల్లింగ్ చేసే అబ్బాయికి మామూలు యూజర్ ఖాతా ఇచ్చి, కొత్త సాఫ్ట్‌వేర్ వేయడానికి కావలసిన అడ్మిన్ పాస్‌వర్డ్ మీ దగ్గరే పెట్టుకోండి.

ప్రశ్న: కరీంనగర్‌లో చిన్న బొటిక్ నడుపుతున్న. కస్టమర్ నంబర్ నుంచి వాట్సాప్‌లో పెళ్లికార్డు వస్తే షాపు ఫోన్‌లో తెరిచిన, ఏదో యాప్ ఇన్‌స్టాల్ అయింది. అందులోనే యూపీఐ ఉంది. డబ్బులు ఇంకా పోలేదు. ఏం చెయ్యాలె?

జవాబు: అమ్మా, ఇది చదువుతూనే ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి వైఫై కూడా ఆపండి. వచ్చింది పెళ్లికార్డు కాదు, ఏపీకే ఫైలు, అంటే ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైలు. ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి తీసుకుని మీ ఓటీపీలు బయటికి పంపడం దాని పని. ఇంట్లోవాళ్ల ఫోన్ నుంచి బ్యాంకుకు చేసి యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఆపించండి. ఒక్క రూపాయి పోయినా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి, ఎంత తొందరగా చెబితే డబ్బు అవతల ఖాతాలో ఆగే అవకాశం అంత ఎక్కువ. ఫోటోలు, నంబర్లు కాపీ చేసుకుని ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయండి, ఆ యాప్ ఒక్కదాన్ని తీసేస్తే సరిపోదు. వాట్సాప్‌లో లింక్డ్ డివైజెస్ (మీ వాట్సాప్ తెరిచి ఉన్న వేరే ఫోన్లు, కంప్యూటర్ల జాబితా) చూసి తెలియనివి తీసేయండి. మీకు పంపిన కస్టమర్‌కూ ఫోన్ చేసి చెప్పండి, ఆమె ఫోన్ కూడా ఇలాగే పోయి ఉంటుంది, ఆ విషయం ఆమెకు తెలిసి ఉండకపోవచ్చు.