బొటనవేలు ఒత్తే ముందట రైడ్ తెరిచి చూడు

బిడ్డా,

సైకిల్ గ్రూపుల చేరినవ్, ఫోన్ల రైడ్లు రాసుకునే స్ట్రావా యాప్ పెట్టుకున్నవ్, మంచిదే. పొద్దున లేస్తే ఇరవై మంది రైడ్లు కనబడుతున్నయి, ఎవరికి ఏం రాయాలె, అందరికీ కుడోస్ (మెచ్చుకున్నట్టు ఒత్తే బొటనవేలు గుర్తు) కొట్టాల్నా అని అడిగినవ్. కొట్టుడు ఒక్క క్షణం పని. కొట్టే ముందట ఏం చూడాల్నో తెలిస్తే ఏం రాయాల్నో దానంతట అదే తెలుస్తది. అందుకే ముందుగాల చూసుడు గురించే చెప్త.

కిలోమీటర్లు, సగటు స్పీడు అందరూ చూస్తరు. నువ్వు రైడ్ తెరిచి మూవింగ్ టైం, ఎలాప్స్‌డ్ టైం పక్కపక్కన పెట్టి చూడు. మొదటిది చక్రం తిరిగిన టైం. రెండోది స్టార్ట్ ఒత్తినప్పటి నుంచి ఆపేదాక అయిన మొత్తం టైం. ఎవరో పాకాల చెరువు దాక పోయొచ్చిండు, వంద కిలోమీటర్ల చిల్లర, మూవింగ్ 5 గంటలు, ఎలాప్స్‌డ్ 7 గంటల 30 నిమిషాలు ఉన్నదనుకో. నడుమ రెండున్నర గంటలు ఏమైనయి? చెరువు కట్ట మీద కూసోని నీళ్లు చూసిండా, నర్సంపేట దాటినంక రెండుసార్లు పంక్చరై ఎండల ట్యూబ్ మార్చిండా, కడుపుల తిప్పి చెట్టు కింద ఒరిగిండా? తెల్వకుండ "ఫుల్ జోష్ అన్నా" అని రాస్తే పంక్చరైనాయన నవ్వాల్నా ఏడ్వాల్నా? టైటిల్ చదువు, ఫొటోలు చూడు. అప్పటికీ తెల్వకపోతే అడుగు: "నడుమ బాగసేపు ఆగినట్టున్నరు, అంతా మంచిగనేనా అన్నా?" నువ్వు రైడ్ చూసినవని ఆయనకు ఆ ఒక్క మాటతోనే తెలుస్తది.

తర్వాత గాలి. మన దిక్కు పెద్ద ఘాట్లు లేవు, కష్టమంతా గాలి, ఎండలదే. జూన్ నుంచి ఆగస్టు దాక గాలి నైరుతి, పడమటి దిక్కు నుంచి కొడుతది. ములుగు మన హనుమకొండకు ఈశాన్యంల ఉన్నది. అంటే ఆ నెలలల ములుగు దిక్కు రామప్ప పోయేటోళ్లను గాలి వెనుక నుంచి తోస్తది, తిరిగొచ్చేటప్పుడు అదే గాలి ఛాతి మీద కొడుతది. పోయేటప్పుడు 28, వచ్చేటప్పుడు 21 స్పీడు కనబడితే మనిషి అలిసిండని అనుకోకు. అసలు పని ఆ 21ల ఉన్నది. "సూపర్ బ్రో" అని రాసే బదులు "ఆత్మకూరు నుంచి ఎదురుగాలికి 21 తగ్గకుండ లాక్కొచ్చిన్రు" అని రాయి. తొక్కినాయనకు ఆ గంట మళ్ల యాదికొస్తది. ఏప్రిల్, మే నెలలల గాలి సంగతి పక్కకు పెట్టి టైం చూడు. పొద్దున 5కు ఎల్లి 8 లోపల ఇంటికి చేరిండంటే ఆ తెలివిని మెచ్చుకో.

గుంపు రైడ్ల దగ్గర చానా మంది పొరపాటు చేస్తరు. పది మంది కలిసి పోయిన్రు, అందరి సగటు 29 చూపిస్తది. అంకె ఒక్కటే, కష్టం ఒక్కటి గాదు. ముందట ఉన్నోడు గాలిని కోసుకుంట పోతడు, వెనుక చక్రం పట్టుకున్నోళ్లకు అదే స్పీడు చానా తక్కువ బలంతోని వస్తది. గుండె కొట్టుకునుడు లెక్కపెట్టే హార్ట్ రేటో, కాలి బలం కొలిచే పవర్ మీటరో పెట్టుకున్నోళ్ల రైడ్లు పక్కపక్కన తెరిస్తే ఎవరు లాగిన్రో ఎరుకైతది. ఇంకొకాయన ఉంటడు, కొత్తగ వచ్చిన పిలగాండ్లు ఎనుకబడితే వాళ్ల తోటి చివరన వచ్చేటాయన. ఆయన సగటు 19 కనబడుతది, ఆ రైడ్‌కు ఎవడూ కుడోస్ కొట్టడు. నువ్వు మొదలు ఆయనకు కొట్టు. "ఆఖరి మనిషి ఇంటికి చేరేదాక ఉన్నరు" అని రాయి. గుంపు రైడ్ పేజీల ఫోన్ ఊపితే అందరికీ ఒక్కసారే కుడోస్ పోతది. నాకైతే ఆ ఊపుడు నచ్చది, పెండ్లిల అక్షింతలు దూరం నుంచి ఇసిరినట్టుంటది.

సెగ్మెంట్ల సంగతి వేరే. రోడ్డు ముక్క మీద ఎవరు ఎంతసేపట్ల పోయిన్రో వరుస పెట్టి చూపిస్తది, మొదటి పేరుకు కిరీటం పెడుతది. ఇక్కడ తెలుసుకోవాల్సింది ఒకటుంది: సెగ్మెంట్ల గడియారం ఆగది. నడుమ రైల్వే గేటు పడితే నాలుగు నిమిషాలు నిలబడ్డ టైం గూడ లెక్కల పడుతది. అందుకే ఒకని టైం చూసి "ఇయ్యాల డల్‌గున్నవా?" అనకు, గేటు పడ్డదో, గొర్ల మంద అడ్డమొచ్చిందో. కిరీటం కంటే పీఆర్ అన్న గుర్తును పట్టుకో. అది ఆ మనిషి సొంత రికార్డు. వరుసల 140వ నంబర్ల ఉన్నా నిరుటి తన టైం కంటే 25 సెకన్లు తగ్గిచ్చుకున్నడంటే అది ఆయన సంపాదించిన ముచ్చట. "పోయిన ఎండకాలం కంటే 25 సెకన్లు తగ్గింది గదా" అని రాయాలంటే పాత రైడ్ తెరిచి చూడాలె. గంత ఓపిక నీకు లేనప్పుడు ఉత్త కుడోస్ కొట్టి ఊకో, తప్పేం లేదు.

మెచ్చుకోవద్దన్న రైడ్లు గూడ ఉంటయి, ఇది మంచిగ విను. వరి కోతలప్పుడు, మక్కల సీజన్ల మన ఊర్ల రోడ్లు సగం కల్లాలైతయి. ధాన్యం మీద టైరు పడితే గోళీల మీద కాలు పెట్టినట్టే జారుతది. వడ్లు ఎత్తుకపోయినంక గూడ అంచుకు పెట్టిన రాళ్లు అట్లనే ఉంటయి, చీకట్ల లైటు వెలుగుల నల్లరాయి, నల్ల తారు ఒక్క తీరే కనబడుతయి. అసొంటి రోడ్డు మీద సాయంత్రం ఏడింటికి ఎవడన్న 40 స్పీడుతోని కిరీటం కొట్టిండంటే దాని కింద నిప్పు బొమ్మలు పెట్టకు. నువ్వు పెట్టిన నిప్పు చూసి రేపు ఇంకొక పదహారేండ్ల పోరడు అదే రోడ్డు మీదికి పోతడు. లారీ ఎనుక గాలి పట్టుకోని పోయినోనికి, రాంగ్ రూట్ల వచ్చినోనికి, మిట్టమధ్యాహ్నం మే ఎండల 100 తొక్కినోనికి గూడ గదే లెక్క. అందరి ముందట తిట్టకు, ఊకో. విడిగ ఫోన్ చేసి చెప్పు. సెగ్మెంటే ప్రమాదమైన జాగల ఉంటే దాన్ని ప్రమాదకరమని స్ట్రావాల గుర్తు పెట్టొచ్చు, అప్పుడు వరుస పట్టిక కనబడకుండ పోతది, పందెం ఆగుతది.

తప్పు అంకెలతోని వచ్చే రైడ్లను గూడ గుర్తుపట్టాలె. టాప్ స్పీడు 74 ఉన్నదంటే ఆయన సైకిల్‌ను కారు ఎనుక కట్టుకోని వచ్చేటప్పుడు యాప్ ఆపుడు మర్చిపోయి ఉంటడు. మన చదును రోడ్ల మీద 1,800 మీటర్ల ఎక్కుడు చూపిస్తే వానకు తడిసి సైకిల్ మీటర్‌ల గాలి ఒత్తిడి కొలిచే చిన్న రంధ్రం మూసుకపోయి ఉంటది. కింద పది మంది "వామ్మో, బీస్ట్" అని రాసి ఉంటరు, ఒక్కడూ తెరిచి చూసి ఉండడు. నువ్వు విడిగ మెసేజ్ పెట్టు: "అన్నా, చివరి 12 కిలోమీటర్లు కారుల వచ్చినట్టుంది, ఎడిట్‌ల క్రాప్ చేస్తే పోతది." ఎత్తు తప్పైతే వెబ్‌సైట్ల ఎత్తు సరిచేసే ఆప్షన్ ఉన్నదని చెప్పు. రెండు మూడు దినాలు చూసినా సరిచెయ్యకపోతే, అది ఇంకొకరి కిరీటం గుంజుకున్నదైతేనే ఫ్లాగ్ చెయ్యి, అంటే తప్పు రైడ్ అని స్ట్రావాకు తెలుపు. ఎలక్ట్రిక్ సైకిల్ రైడ్‌కు వేరే రకం ఉన్నది, అది మామూలు రైడ్ల కలిసిపోయినా ఇట్లనే చెప్పాలె. మోకాళ్లు పాడైన పెద్దమనిషి ఎలక్ట్రిక్ సైకిల్ మీద పద్మాక్షి గుట్ట దాక పోయొస్తే దానికి గూడ మనస్ఫూర్తిగ కుడోస్ కొట్టు, ఎగతాళి పనికిరాదు.

పొగడ్తల సలహా కలపకు. "మంచిగ తొక్కినవ్ గని సీటు కిందికున్నది" అంటే గని తర్వాతి మాటే మిగులుతది. కేడెన్స్ (నిమిషానికి పెడల్ ఎన్నిసార్లు తిరిగిందనే లెక్క) 55 చూపిస్తున్నది, మోకాలు నొప్పని టైటిల్‌ల రాసుకున్నడు అనుకో, బరువు గేరు ఏసి తొక్కుతున్నడని నీకు తెలుస్తది. ముందు "ఒక మాట చెప్పాల్నా తమ్మీ?" అని అడుగు, ఊఁ అంటే విడిగ చెప్పు: తేలిక గేరుకు దించి నిమిషానికి 80 దగ్గరికి తీస్కపో, పెడల్ అడుగున ఉన్నప్పుడు మడమ పెడితే కాలు చక్కగ చాపినట్టు రావాలె, గట్ల సీటు లేపు. ఊఁ అనకపోతే ఇడిసిపెట్టు.

ఆడోళ్ల రైడ్ల కింద రాసేటప్పుడు రెండింతల జాగ్రత్త. రైడ్ గురించే రాయి. మనిషి గురించి, బట్టల గురించి, ఒళ్లు తగ్గుడు గురించి ఒక్క అక్షరం వద్దు, అది మెచ్చుకునుడైనా సరే. "రోజు 5.15కే హంటర్ రోడ్డు మీద కనబడుతున్నరు" అనేది నీకు మెచ్చుకున్నట్టే ఉంటది, చదివే ఊరందరికీ ఆమె ఎప్పుడు, ఏడ ఒంటరిగ ఉంటదో చెప్పినట్టైతది. ఇంటి చుట్టు 1.6 కిలోమీటర్ల దాక మ్యాపు దాచుకునే సౌకర్యం స్ట్రావాల ఉన్నది. ఎవరన్న అట్ల దాచుకుంటే "మీ ఇల్లు వడ్డేపల్లి చెరువు దిక్కేనా?" అని అడిగి ఆ పరదా తీయకు. ఎవరి మ్యాపు స్క్రీన్‌షాటైనా వాళ్లను అడగకుండ వాట్సాప్ గ్రూపుల పెట్టకు. పరిచయం లేనోళ్లను "గారు" అనే పిలువు, అక్కా, తమ్మీ అనుడు కలిసి రెండు మూడు రైడ్లు తొక్కినంక.

ఇగ బ్రెవేలు, అంటే గడువు లోపల తొక్కే దూరపు రైడ్లు. చలికాలం వస్తే మనోళ్లు 200, 300 కిలోమీటర్లకు బయలెల్లుతరు. 200కు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 400కు 27, 600కు 40. ఈ గడువుల లోపల వచ్చినోళ్లంత ఒక్కటే, ర్యాంకులు ఉండయి. 8 గంటలల వచ్చినాయనకు, 13 గంటల 20 నిమిషాలకు వచ్చినాయనకు అదే గుర్తింపు. కనుక "ఫస్టొచ్చినవ్" అని రాస్తే ఆ ఆట సంగతి నీకు తెల్వదని బయటపడుతది. చివరి పది నిమిషాలల చేరినాయన రైడ్ తెరువు, రాత్రి ఏ కంట్రోల్ (దారిల హాజరు ఏసే జాగ) దగ్గర ఎంతసేపు ఆగిండు, ఆ తర్వాత స్పీడు ఎట్ల కాపాడుకున్నడు చూడు. రాసేందుకు మస్తు దొరుకుతది.

నడుమ ఆపేసినాయనకు ఏం రాయాలె? అందరూ తప్పు మాటే రాస్తరు. "ఇంక 18 కిలోమీటర్లే గదా, జర ఓపిక పట్టాల్సుండె" అనకు, ఆ 18 ఆయనకు నీ కంటే బాగ తెలుసు. "నెక్స్ట్ టైం పక్కా" గూడ వద్దు, మళ్ల పోవాల్నా వద్దా అనేది ఆయన ఇష్టం. తొక్కిన కిలోమీటర్లను పట్టుకో: "282 దాక తెచ్చిన్రు, నిద్ర ముంచుకొచ్చినప్పుడు ఆపుడే మంచిగైంది." గంతే.

నీకొచ్చే పొగడ్తకు గూడ ఒక పద్ధతి ఉన్నది. "అంత ఏం లేదన్నా" అని కొట్టెయ్యకు, థాంక్స్ చెప్పి ఎవరు లాగిన్రో, ఎవరు పంపు ఇచ్చిన్రో వాళ్ల పేరు పెట్టు. ఎవరు కొట్టిన్రు, ఎవరు కొట్టలేదని లెక్కపెట్టుకుంట కూసోకు. మన పెండ్లిళ్లల కట్నాలు రాసే బుక్కు ఉంటది గదా, ఎవరు ఎంత చదివిచ్చిన్రో చూసి వాళ్లింట్ల పెండ్లికి అంతే తిరిగి పెడుతరు. కుడోస్‌లు ఆ బుక్కుల ఎక్కినయంటే నువ్వు రైడ్లు చూసుడు బందైతది, బాకీలు తీర్చుడే మిగులుతది. రోజు డ్యూటీకి 6 కిలోమీటర్లు సైకిల్ మీద పోయేటాయనకు రోజు రాసే అక్కెర లేదు. నెల చివర ఒక్కసారి ఆయన ప్రొఫైల్ తెరిచి "వానల గూడ 22 దినాలు సైకిల్ మీదనే పోయిన్రు" అని రాస్తే సాలు.

ఆలస్యమైందని ఆపుకోకు. ఆదివారం రైడ్ బుధవారం చూసి రాసినా ఏం పాతపడది. రాత్రంతా తొక్కి పొద్దుగాల ఇల్లు చేరినాయన ఫోన్ మాత్రం మోగియ్యకు, మధ్యాహ్నం దాక పడుకోనియ్యి.

నీ పెద్దబాపు,
హనుమకొండ