బిర్యానీకి తోడుగా ఏ బీరు?

ప్రశ్న: మైక్రోబ్రూవరీలో (అక్కడికక్కడే బీరు తయారుచేసి అమ్మే చోట) మటన్ బిర్యానీతో పాటు ఐపీఏ అనే చేదు బీరు తీసుకున్నాను. నోరు మండిపోయి, రెండింటి రుచీ తెలియలేదు. కారణం ఏమిటి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఐపీఏకు చేదునిచ్చేవి హాప్స్ అనే పువ్వులు. ఆ చేదు, ఆల్కహాల్, బుడగలు కలిసి మిరపకారపు మంటను మరింత రేపుతాయి కనుక, మన బిర్యానీకి ఆ బీరు సరిపడదని నా దృఢమైన అభిప్రాయం. దాని బదులు జర్మన్ పద్ధతిలో కాచే గోధుమ బీరు తీసుకోండి. అందులో చేదు చాలా తక్కువ. పైగా పులియబెట్టేటప్పుడు ఈస్ట్ వల్లనే అరటిపండు, లవంగం పరిమళాలు పుడతాయి కాబట్టి, లవంగాలు, యాలకులు వేసి దమ్ చేసిన అన్నంతో అది ఎంతో చక్కగా కలుస్తుంది.

డబుల్ కా మీఠాకైతే స్టౌట్ అనే నల్లని బీరు తగినది; మాడేంతగా వేయించిన బార్లీ నుంచి వచ్చే కాఫీ రుచి, నేతిలో వేగిన రొట్టె తీపిని అదుపులో ఉంచుతుంది. అయితే స్టౌట్‌ను మంచులా చల్లగా తాగకండి, సుమారు 10 నుంచి 13 డిగ్రీల వద్దనే దాని పరిమళం విచ్చుకుంటుంది.

రుచి చూసేటప్పుడు తేలికైన వాటితో మొదలుపెట్టి, ముందు వాసన చూసి, చిన్న గుటకలు వేయండి. మధ్యమధ్య మంచినీళ్లు తాగండి. ఇంటికి మాత్రం క్యాబ్‌లోనే వెళ్లండి.