బత్తాయి గ్రేడింగ్ యాప్‌కు లినక్స్‌లో ఏ కెమెరా ఇంటర్‌ఫేస్ వాడాలి?

నల్గొండ బత్తాయిలను రంగు, సైజు చూసి వేరుచేసే ఓపెన్ సోర్స్ యాప్ కోసం అడిగారు కాబట్టి ముందు కెమెరా ఏదో తేల్చుకోండి.

యూఎస్‌బీ వెబ్‌క్యామ్ అయితే వీ4ఎల్2 (వీడియో పరికరాలతో మాట్లాడే లినక్స్ ఇంటర్‌ఫేస్) చాలు. అది కెర్నల్‌లోనే, అంటే లినక్స్ మూల భాగంలోనే ఉంది. చాలా వెబ్‌క్యామ్‌లలో ఎక్స్‌పోజర్ (వెలుతురు మోతాదు), వైట్ బ్యాలెన్స్ (వెలుతురును బట్టి రంగుల సర్దుబాటు) దాంతోనే మార్చొచ్చు. ఈ రెండూ ఆటోలో అస్సలు వదలకండి. వదిలితే ఒకే కాయ పొద్దున పచ్చగా, మధ్యాహ్నం పసుపుగా కనిపించి గ్రేడింగంతా తప్పుతుంది.

రాస్ప్‌బెర్రీ పై (చిన్న సింగిల్ బోర్డ్ కంప్యూటర్) కెమెరా మాడ్యూల్ అయితే లిబ్‌క్యామెరా అనే లైబ్రరీ వాడండి. సెన్సర్ నుంచి వచ్చే ముడి డేటాను బొమ్మగా మార్చే ఐఎస్‌పీని (ఇమేజ్ సిగ్నల్ ప్రాసెసర్‌ని) నడిపేది అదే.

నేనైతే యాప్‌ను జీస్ట్రీమర్ (వీడియోను దశలవారీగా, ఒక పైప్‌లైన్‌లా నడిపే ఫ్రేమ్‌వర్క్) మీద రాస్తాను. రేపు కెమెరా మారినా సోర్స్ ఎలిమెంట్ (కెమెరా నుంచి వీడియో తీసుకునే భాగం) మారిస్తే చాలు, మిగతా పైప్‌లైన్ దాదాపు అలాగే ఉంటుంది. యాప్‌ను ఫ్లాట్‌ప్యాక్‌గా (సిస్టమ్ నుంచి వేరుచేసి నడిపే లినక్స్ ప్యాకేజీగా) పంచాలంటే మాత్రం పైప్‌వైర్ (ఆడియో, వీడియోను యాప్‌లకు అందించే సేవ) చూడండి, కెమెరా అనుమతి పోర్టల్ (యూజర్‌ను అడిగి అనుమతి ఇప్పించే మధ్యవర్తి) ద్వారా వస్తుంది.