రెండు వేల లోపు వెబ్‌క్యామ్ కొనేముందు ఇంట్లో ట్యూబ్‌లైట్ ఎక్కడుందో చూడండి

పర్లాకిమిడిలో ఉన్న అమ్మానాన్నల కోసం రెండు వేల లోపు ఏ వెబ్‌క్యామ్ కొనాలి, పాత డెస్క్‌టాప్‌కి పనిచేస్తుందా, న్యూజెర్సీలో ఉన్న అన్నయ్యావాళ్లకి ముఖాలు స్పష్టంగా కనబడాలంటే 1080పి తప్పనిసరా అని అడిగారు. నేను బరంపురంలో ఉంటాను. మా అక్క టొరంటోలో స్థిరపడింది. అమ్మా అక్కా మాట్లాడుకునే ఏర్పాటంతా చూసేది నేనే కాబట్టి, తెలిసినంతవరకు వివరంగా రాస్తాను.

1080పి తప్పనిసరి కాదండి. 1080, 720 అనేవి బొమ్మలో పైనుంచి కిందికి ఎన్ని చుక్కల వరసలు ఉంటాయో చెప్పే అంకెలు, ఎక్కువైతే బొమ్మ అంత వివరంగా ఉంటుంది. 720పి ఇచ్చే పేరున్న కంపెనీ కెమెరా మీ పనికి సరిపోతుంది. మిగిలిన డబ్బు వెలుతురు మీద, మాట వినబడటం మీద పెట్టండి.

కారణం చెబుతాను. న్యూజెర్సీకీ మనకీ వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు తేడా. ఇక్కడ రాత్రి ఎనిమిదైతే అక్కడ ఉదయం పదిన్నరో, తొమ్మిదిన్నరో అవుతుంది. అంటే ఆదివారం మీవాళ్లు తీరిగ్గా మాట్లాడుకునేది మన వైపు చీకటిపడ్డాకే. వెబ్‌క్యామ్ లోపల ఉండే సెన్సర్ చాలా చిన్నది. వెలుతురు చాలకపోతే అది ఒక్కో ఫ్రేమ్‌కి, అంటే వీడియోలోని ఒక్కో బొమ్మకి, ఎక్కువ సేపు తీసుకుంటుంది. సెకనుకి 30 ఫ్రేములు ఇవ్వాల్సింది 15కి పడిపోతుంది. చెయ్యి ఊపితే చెయ్యి బదులు మసక చార కనబడుతుంది. పైగా బొమ్మంతా ఇసక చల్లినట్టు నలుసులు వస్తాయి. ఆ నలుసుల్ని కుదించి పంపడం యాప్‌కి కష్టం, దాంతో నెట్ కొంచెం తగ్గినా బొమ్మ గళ్లుగళ్లుగా అయిపోతుంది. ఆ చీకట్లో చౌకరకం 1080పి కెమెరా కన్నా మంచి వెలుతురులో పెట్టిన 720పి కెమెరా ఎంతో నయం. గూగుల్ మీట్‌లో మామూలు ఉచిత ఖాతాతో ఎలాగూ 720పి మించి వెళ్లదు.

మన ఇళ్లలో కంప్యూటర్ బల్ల సాధారణంగా హాల్లో ఒక మూలన, గోడకి ఆనించి ఉంటుంది. ట్యూబ్‌లైట్ ఎదురు గోడ మీద ఉంటుంది. కుర్చీలో కూర్చుంటే ఆ లైటు వీపు వెనక పడుతుంది, ముఖం నల్లగా కనబడుతుంది, వెనకున్న దేవుడి పటాలు మాత్రం ధగధగ మెరుస్తాయి. ఎంత ఖరీదైన కెమెరా పెట్టినా ఇదే తంతు. మా ఇంట్లో తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఉన్న టేబుల్ ల్యాంప్‌ని మానిటర్ వెనక పెట్టి గోడ వైపు తిప్పాను. గోడ మీద పడి తిరిగొచ్చే వెలుగు మెత్తగా ముఖమంతా పరుచుకుంటుంది, కళ్లకి గుచ్చుకోదు. మీ నాన్నగారికి కళ్లజోడు ఉంటే ల్యాంప్‌ని కాస్త పక్కకి జరపండి, అద్దాల మీద మెరుపు పోతుంది. పగలు మాట్లాడేటప్పుడు కిటికీ ముఖానికి ఎదురుగా ఉండాలి, వెనక ఉండకూడదు.

పాత చోక్ ట్యూబ్‌లైట్ ఉంటే బొమ్మ మీద చారలు పాకుతున్నట్టు కనబడతాయి. కెమెరా పాడైందని కంగారు పడకండి. మన కరెంటు 50 హెర్ట్‌జ్, అమెరికాది 60. కెమెరా 60కి సెట్ అయి ఉంటే ఈ చారలు వస్తాయి. కెమెరా కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో యాంటీ ఫ్లికర్ అనే చోట 50 పెడితే పోతాయి.

ఇక ఏది కొనాలంటే, నేను మావాళ్లకి పెట్టింది లాజిటెక్ సీ270. 2010లో వచ్చిన మోడల్, ఇప్పటికీ అమ్ముతున్నారు. 720పి, సెకనుకి 30 ఫ్రేములు. డ్రైవర్లూ సీడీలూ అక్కర్లేదు, యూఎస్‌బీలో గుచ్చితే విండోస్ దానంతటదే గుర్తుపడుతుంది. పాత డెస్క్‌టాప్‌లో ముందు వైపు యూఎస్‌బీ పోర్టులు వదులైపోయి ఉంటాయి కాబట్టి వెనక పోర్టులోనే పెట్టండి. దీని చూపు మాత్రం ఇరుకు, సుమారు 55 డిగ్రీలు. ఒక్కరు కూర్చుంటే బాగుంటుంది. అమ్మానాన్నా ఇద్దరూ పక్కపక్కన కూర్చోవాలంటే కుర్చీలు వెనక్కి జరపాలి. బడ్జెట్ పెంచగలిగితే సీ920 తీసుకోండి. 78 డిగ్రీలు, ఆటోఫోకస్, ఇద్దరూ హాయిగా పడతారు. దేశీ బ్రాండ్ల కెమెరాలు ఇంకా తక్కువకే వస్తాయి, వాటిలో మంచివీ ఉన్నాయి, కానీ షాపులో చూసుకోకుండా తీసుకోకండి.

డబ్బా మీద 25 మెగాపిక్సెల్ అని రాసి ఉంటే నమ్మొద్దు. పూర్తి 1080పి బొమ్మ అంటేనే రెండు మెగాపిక్సెళ్లకి కాస్త ఎక్కువ, 720పి అయితే ఒకటి కూడా నిండదు. మిగతాదంతా సాఫ్ట్‌వేర్ సాగదీసింది. మా పక్కింటి మాస్టారికి ఒక షాపతను ఇలాంటిదే అంటగట్టాడు. పాపం ఆయన మనవరాలి పుట్టినరోజు చూడాలని ముచ్చటపడి కొన్నారు, ముఖం కూడా ఆనవాలు తెలియలేదు. పెద్దవాళ్ల దగ్గర ఇలా చేయడం నాకు చాలా బాధగా అనిపిస్తుంది. అందుకే షాపులోనే కంప్యూటర్‌కి తగిలించమని అడగండి. కెమెరా యాప్ తెరిచి, ఒక లైటు ఆపించి, చెయ్యి మెల్లగా ఊపి చూడండి. అక్కడే తేలిపోతుంది. బిల్లు తప్పకుండా తీసుకోండి.

సీ270 లాంటి ఫిక్స్‌డ్ ఫోకస్ కెమెరాతో, అంటే ఫోకస్ ఒకే దూరానికి బిగించి ఉండే కెమెరాతో, ఒక ఇబ్బంది ఉంది, అమ్మలకి ముందే చెప్పాలి. మా అమ్మ కొత్త బరంపురం పట్టుచీర కొంటే అంచు మీది ఫొడా కుంభం అనే నేత డిజైన్ అక్కకి చూపించాలని చీరని తీసుకెళ్లి కెమెరాకి ఆనించేస్తుంది. అంత దగ్గరికి వస్తే ఫోకస్ కుదరదు, ఎరుపు మసకే కనబడుతుంది. "ఏమే, కనబడుతోందా?" అని అమ్మ, "కొంచెం వెనక్కి పట్టుకోమ్మా" అని అక్క. మూరెడు దూరంలో పట్టుకుంటే కుంభాల వరస చక్కగా తెలుస్తుంది. డాక్టరు చీటీ, మాత్రల అట్ట మీది అక్షరాలు లాంటివి మాత్రం వెబ్‌క్యామ్‌లో చూపించే ప్రయత్నం వద్దు. ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టమనండి. మందుల విషయంలో ఒక్క అక్షరం తేడా వచ్చినా ప్రమాదం.

మాట వినబడటం గురించి. ముఖం కాస్త మసగ్గా ఉన్నా సర్దుకుంటారు గానీ, "ఏంటీ? మళ్లీ చెప్పు" అని పదిసార్లు అనాల్సి వస్తే పెద్దవాళ్లు విసిగిపోయి ఫోన్ పెట్టేస్తారు. వెబ్‌క్యామ్ మైకు మనిషికి మూడడుగుల దూరంలో ఉంటుంది, నెత్తిన సీలింగ్ ఫ్యాను తిరుగుతుంటుంది. మే నెలలో మన వైపు ఫ్యాను ఆపమని ఎవరికి చెబుతాం? మైకున్న హెడ్‌సెట్ ఒకటి కొనండి. ఇక్కడ చూసుకోవలసింది పిన్ను. పాత డెస్క్‌టాప్‌లో ఆకుపచ్చది ఒకటి, గులాబీది ఒకటి రెండు రంధ్రాలుంటాయి. ఫోన్ ఇయర్‌ఫోన్‌కి ఒకే పిన్ను ఉంటుంది, దాన్ని ఆకుపచ్చ దాంట్లో గుచ్చితే మాట వినబడుతుంది గానీ మైకు పనిచేయదు. యూఎస్‌బీ హెడ్‌సెట్ తీసుకుంటే ఈ టెన్షన్ ఉండదు. ఇద్దరూ కలిసి మాట్లాడాలంటే స్పీకర్లు కెమెరాకి దూరంగా, తక్కువ సౌండ్‌లో పెట్టండి, లేకపోతే అవతలివాళ్ల మాట వాళ్లకే తిరిగి వినబడుతుంది.

నెట్ విషయంలో అప్‌లోడ్ స్పీడ్ చూడండి. జూమ్‌లో ఇద్దరి మధ్య 720పి కాల్‌కి 1.2 ఎంబీపీఎస్ చాలు. మీ ఊరికి పాతపట్నం పక్కనే కదా, సరిహద్దులో ఫోను ఒకసారి ఒడిశా టవరు, ఒకసారి ఆంధ్రా టవరు పట్టుకుని సిగ్నల్ ఊగిసలాడుతుంది. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంటే హాట్‌స్పాట్ జోలికి పోకండి. రూటర్‌కి చిన్న యూపీఎస్ పెట్టుకుంటే కరెంటు పోయినా ఫోన్ మీద కాల్ కొనసాగించవచ్చు.

యాప్ సంగతికొస్తే, పెద్దవాళ్లకి గూగుల్ మీట్ లింకు ఒకటి తయారు చేసి డెస్క్‌టాప్ మీద షార్ట్‌కట్‌గా పెట్టండి. రెండుసార్లు నొక్కితే తెరుచుకోవాలి, అంతే. ఇద్దరి మధ్య కాల్‌కి 24 గంటల వరకు అడ్డు లేదు, ముగ్గురూ అంతకన్నా ఎక్కువమందీ చేరితే ఉచితంగా 60 నిమిషాలు. జూమ్ ఉచిత ఖాతాలో 40 నిమిషాలకే ఆగిపోతుంది, తాతయ్యా మనవలూ మాటల్లో పడ్డ సమయానికి సరిగ్గా.

ఒకవేళ అమ్మానాన్నల దగ్గర ఇప్పటికే మంచి స్మార్ట్‌ఫోన్ ఉంటే, డెస్క్‌టాప్ మీద వాళ్లకి పెద్ద మోజు లేకపోతే, వెబ్‌క్యామ్ అసలు కొనకండి. ఫోన్ కెమెరా ఈ ధరలో దొరికే ఏ వెబ్‌క్యామ్ కన్నా బాగుంటుంది. ఒక గట్టి స్టాండ్ కొని కళ్ల ఎత్తులో పెట్టండి. చేత్తో పట్టుకుంటే కాసేపటికి చెయ్యి వాలిపోయి అవతలివాళ్లకి సీలింగ్ ఫ్యానే కనబడుతుంది. పెద్ద స్క్రీన్ కావాలి, మనవల ముఖాలు బాగా కనబడాలి అంటేనే డెస్క్‌టాప్, వెబ్‌క్యామ్.

మీ డెస్క్‌టాప్‌లో ఏ విండోస్ ఉందో, మానిటర్‌కి స్పీకర్లు ఉన్నాయో లేవో రాయండి. హెడ్‌సెట్ కావాలా, స్పీకర్లు కావాలా అన్నది దాన్ని బట్టి చెబుతాను.