ఒకే టాబ్లెట్ అందరికీ ఎందుకు పని చెయ్యదు అని అడిగే పాపకి ఏ కోర్సు?

ఖమ్మం నుంచి ఒక నాన్నగారు అడిగారు: "మా అమ్మకి స్టెంట్ వేశాక క్లోపిడోగ్రెల్ ఇచ్చారు, తర్వాత టెస్ట్ చేసి ఈమె జీన్స్‌కి ఇది పడదు అని టాబ్లెట్ మార్చారు, అప్పట్నుంచి ఇంటర్ బైపీసీ చదివే మా పాప అదే చదువుతానంటోంది, దీనికి భవిష్యత్తు ఉందా?"

ఉందండి. ముందు పాప పట్టుకున్న పాయింట్ ఎంత మంచిదో చెప్తాను. స్టెంట్‌లో రక్తం గడ్డ కట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ మింగగానే పని చెయ్యదు, లివర్‌లో సీవైపీ2సీ19 అనే ఎంజైమ్ దాన్ని మారిస్తేనే అది అసలు మందు అవుతుంది. అమ్మ వైపు నుంచి, నాన్న వైపు నుంచి వచ్చిన ఆ ఎంజైమ్ జీన్ కాపీలు రెండూ పని చెయ్యనివైతే టాబ్లెట్ రోజూ వేసుకున్నా రక్షణ సరిగ్గా ఉండదు, అందుకే 2010లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ మందు లేబుల్ మీద పెద్ద హెచ్చరిక పెట్టించింది.

ఇది మన ఇళ్ళల్లో కూడా ఉన్న సంగతే. ఆపరేషన్ ముందు ఊపిరి గొట్టం వెయ్యడానికి కండరాల్ని వదులు చేసే స్కోలిన్ ఇంజెక్షన్ ఇస్తే మామూలుగా అయిదు పది నిమిషాల్లో దిగిపోతుంది, కానీ మన ఆర్య వైశ్య కుటుంబాల్లో కొందరికి దాన్ని కరిగించే ఎంజైమ్ పుట్టుకతోనే పని చెయ్యదు, జీన్‌లో ఒక్క అక్షరం తేడా అంతే, ఆపరేషన్ అయిపోయినా సొంతంగా ఊపిరి తీసుకోలేక గంటల తరబడి వెంటిలేటర్ మీద ఉండాల్సొస్తుంది. ముందే తెలిస్తే వేరే మందు వాడతారు, మనిషికి ఏ ఇబ్బందీ ఉండదు. ఈ "ముందే తెలియడం" కోసం పనిచేసేదే ఫార్మకోజెనోమిక్స్.

ఇక దారి. ఎంబీబీఎస్ సీటు రాకపోతే అంతా అయిపోయినట్టు కాదు. ఎప్‌సెట్ బైపీసీ ర్యాంక్‌తో ఫార్మ్-డీ (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ)లో చేరొచ్చు, ఆరేళ్ళు, ఆఖరి ఏడాది హాస్పిటల్‌లోనే, పేషెంట్ దగ్గర ఉండాలనుకునే పిల్లలకి అదే సరైనది, కాకపోతే మొదట్లో జీతాలు తక్కువే అని పాపకి ఇప్పుడే చెప్పండి. ల్యాబ్ ఇష్టమైతే బీఫార్మసీ చేసి జీప్యాట్ (ఫార్మసీ పీజీ ఎంట్రన్స్) రాసి బాలానగర్ నైపర్ (జాతీయ ఫార్మసీ విద్యాసంస్థ) లాంటి చోట ఎంఎస్, లేదా బీఎస్సీ, ఎమ్మెస్సీ జెనెటిక్స్ చేసి సీఎస్ఐఆర్ నెట్ పరీక్షతో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ లాంటి జీవశాస్త్ర పరిశోధన సంస్థల్లో పీహెచ్‌డీకి ప్రయత్నించొచ్చు, ఈ మూడూ మన హైదరాబాద్‌లోనే ఉన్నాయి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నాను, బైపీసీ అని లెక్కలు వదిలెయ్యొద్దు. ఈ ఫీల్డ్‌లో సగం పని కంప్యూటర్ ముందే, స్టాటిస్టిక్స్, కాస్త పైథాన్ ప్రోగ్రామింగ్ రాకపోతే జీన్ రిపోర్ట్ చేతిలో ఉన్నా ఏం చెయ్యలేం. ఇంటర్ అవ్వగానే లక్షలు కట్టించుకునే షార్ట్ టర్మ్ జెనెటిక్స్ సర్టిఫికెట్ల జోలికి అసలు వెళ్ళకండి.

ఈ సెలవుల్లో నానమ్మ గారి మందుల స్ట్రిప్పులు ముందేసుకుని ఒక్కో మందుని లివర్‌లో ఏ ఎంజైమ్ పట్టుకుంటుందో నోట్‌బుక్‌లో రాయమనండి (మందులు మార్చేది మాత్రం డాక్టర్ గారే). నెల తర్వాత కూడా ఆ నోట్‌బుక్ తెరుస్తుంటే మళ్ళీ రాయండి, కాలేజీల సంగతి అప్పుడు కూర్చుని చూద్దాం.