'రాజ్యమును స్వతంత్రించుకొనుడి' అంటే ఏమిటి?

సందేహం: మత్తయి సువార్త 25వ అధ్యాయంలో "మీకొరకు సిద్ధపరచబడిన రాజ్యమును స్వతంత్రించుకొనుడి" అని ఉంది. ఆగస్టు 15 నాటి ఆరాధనకు ఈ మాటను బ్యానరు మీద రాయించాలని మా సంఘంలోని యువకులు అంటున్నారు. దేవుడే రాజని నమ్మినవాళ్లు ఆయన రాజ్యం నుంచి స్వతంత్రులు కావడమేమిటని ఒక పెద్దాయన అడ్డుచెప్పారు. ఈ ప్రయోగం సరైనదేనా? దేవుడు రాజైనప్పుడు మనుషుల అధికారాన్ని కూడా 'ఏలడం' అనవచ్చా? 'స్వతంత్ర దినం', 'స్వాతంత్ర్య దినం' అనే వాటిలో ఏది ఒప్పు?
– ఒక పాఠకుడు, దేవరకొండ

సమాధానం: ప్రయోగం సరైనదే. అయితే మీ పెద్దాయన అడిగిన ప్రశ్నను తేలికగా తీసుకోకూడదు. 'స్వాతంత్ర్యం' అనగానే పరాయి పాలన తొలగిపోవడమే ఇప్పుడు అందరికీ స్ఫురిస్తుంది కాబట్టి ఆయనకు ఆ అనుమానం రావడం సహజం. కానీ ఆ వాక్యంలో ఉన్నది 'రాజ్యమునుండి' కాదు, 'రాజ్యమును'. ద్వితీయా విభక్తిలో ఉన్న ఆ రాజ్యం విడిచి వెళ్లవలసినది కాదు, దక్కించుకోవలసినది. గ్రీకు మూలంలో ఈ చోట ఉన్న క్రియకు వారసుడిగా పొందడమని అర్థం. "సాత్వికులు ధన్యులు, వారు భూలోకమును స్వతంత్రించుకొందురు" అన్న చోటా అదే క్రియ, అదే అర్థం.

తనమీద తనకే అధీనం గలవాడు స్వతంత్రుడు. పూర్వం ఈ మాట దేశాలకంటే మనుషుల హక్కుల గురించే ఎక్కువగా వినబడేది. వ్యవహార ధర్మాన్ని చెప్పే నారదస్మృతి లోకంలో స్వతంత్రులు ముగ్గురని, వారు రాజు, ఆచార్యుడు, తన ఇంట గృహస్థు అని లెక్కగట్టింది. అక్కడ స్వతంత్రుడంటే వ్యవహారం నడిపే హక్కు గలవాడు. మద్రాసు రాజధానిలోని పాత రెవెన్యూ కాగితాలలో గ్రామోద్యోగులకు, వృత్తులవారికి వంశపారంపర్యంగా ముట్టే రాబడులను 'స్వతంత్రాలు' అన్నారు. నిజాం ఏలుబడిలోని మీ వైపు ఇంచుమించు ఆ భావానికే 'వతన్' అనే మాట వాడుకలో ఉండేది. "ఆ ఇంట్లో ఆమెకు అంత స్వతంత్రం ఉంది" అని నేటికీ అంటున్నాం. ఎవరినీ అడగకుండా వంటింట్లోకి వెళ్లి కుండలో చేయి పెట్టగల చనువు, హక్కు ఆమెకు ఉన్నాయని ఆ మాటకు అర్థం.

ఇక క్రియారూపం చూడండి. 'స్వతంత్రించి చేశాడు' అంటే ఎవరి అనుమతి కోసమూ ఎదురుచూడకుండా తనంత తాను పూనుకొని చేశాడని అర్థం. దానికి 'కొను' చేరగానే ఫలం కర్తకు చెందుతుంది. 'సంపాదించుకొను', 'ఆక్రమించుకొను' అన్నవాటిలాగే 'స్వతంత్రించుకొను' అంటే తన సొత్తుగా చేసుకొనడం. ఆక్రమణలో బలం ఉంటుంది, ఇందులో మాత్రం హక్కు ఉంటుంది. ఆ హక్కు తండ్రి ఇచ్చినది.

ఈ రెండు అర్థాలూ ఒకే అధ్యాయంలో కనబడే చోటు ఒకటి ఉంది. గలతీయులకు రాసిన పత్రిక 5వ అధ్యాయం మొదటి వచనంలో క్రీస్తు మనలను స్వతంత్రులనుగా చేశాడని ఉంది. అక్కడిది దాస్యం నుంచి విడుదల. అదే అధ్యాయం 21వ వచనంలో దుష్క్రియలు చేసేవారు దేవుని రాజ్యమును "స్వతంత్రించుకొనరు" అని ఉంది. అక్కడిది వారసత్వం. మూలంలో ఇవి రెండు వేరువేరు మాటలు, తెలుగులో ఒకే ధాతువు నుంచి వచ్చాయి. దీనిని అనువాదంలోని లోపంగా నేను ఎంచను. ఎందుకంటే ఆ పత్రిక రాసిన పౌలు అంతకు ముందు అధ్యాయంలోనే "నీవిక దాసుడవు కావు కుమారుడవే" అని, కుమారుడవైతే వారసుడవని చెప్పి, విడుదలను వారసత్వంతో ముడిపెట్టాడు. తెలుగు ఆ ముడిని చెవికి వినిపించింది. అయినా బ్యానరుకు మత్తయి 25 కంటే గలతీ 5:13 తగినదని నా అభిప్రాయం. స్వతంత్రులుగా ఉండడానికి పిలువబడితిరని, ఆ స్వాతంత్ర్యంతో ప్రేమ కలిగి ఒకనికొకడు దాసులై ఉండుడని అక్కడ ఉంది.

'ఏలు' అనే క్రియను తెలుగు బైబిలు దేవునికీ మనుషులకూ ఇద్దరికీ వాడింది. న్యాయాధిపతుల గ్రంథం 8వ అధ్యాయంలో, తమను ఏలమని జనులు అడిగినప్పుడు ఇశ్రాయేలీయుల నాయకుడు గిద్యోను తానూ తన కుమారుడూ ఏలబోమని, యెహోవాయే వారిని ఏలుతాడని జవాబిస్తాడు. మొదటి సమూయేలు 8వ అధ్యాయంలో జనులు రాజు కావాలని పట్టుబట్టగా, వాళ్లు విసర్జించినది ప్రవక్త సమూయేలును కాదని, తమను ఏలకుండా తననే విసర్జించారని దేవుడు అంటాడు. ఆ తరువాత సమూయేలు చేసిన హెచ్చరికలో రాజు మీ కుమారులను తీసుకుంటాడు, మీ కుమార్తెలను తీసుకుంటాడు, మీ పొలాలలో మంచివాటిని తీసుకొని తన సేవకులకు ఇస్తాడు, మీ ధాన్యంలో పదోవంతు తీసుకుంటాడు అని 'తీసుకోవడం' మళ్లీ మళ్లీ వస్తుంది. దొరలకు వెట్టి చేసిన తాతల సంగతులు విని పెరిగిన నల్లగొండవాళ్లకు ఆ జాబితాను ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు.

అంతమాత్రాన మనుషుల ఏలుబడి అంతా దైవద్రోహమేనని తేల్చడానికి వీలులేదు. అదే సమూయేలు అదే దేవుని ఆజ్ఞపై సౌలును రాజుగా అభిషేకించాడు. దేవునివలన కలిగినది తప్ప ఏ అధికారమూ లేదని రోమా 13 అంటుంటే, మనుష్యులకు కాక దేవునికే లోబడాలని అపొస్తలుల కార్యములు 5:29 అంటున్నది. క్రైస్తవులు వీటిని ఒకే తీరుగా అర్థం చేసుకోలేదు. క్రైస్తవుడు ఎవరికీ లోబడని స్వతంత్రుడు, అందరికీ లోబడిన దాసుడు కూడా అని జర్మనీ మతసంస్కర్త లూథరు 1520లో రాశాడు. 1527 నాటి ష్లైట్‌హైమ్ విశ్వాస ప్రకటనలో, శిశువులకు కాక విశ్వసించినవారికే బాప్తిస్మం ఇవ్వాలనే అనాబాప్టిస్టులు రాజదండన కోసం దేవుడే కత్తిని ఏర్పరచాడని ఒప్పుకొంటూనే, క్రైస్తవుడు ఆ అధికార పదవిలో కూర్చోకూడదన్నారు. మీ దేవరకొండ మొదలుకొని నాగర్‌కర్నూల్, వనపర్తి, మహబూబ్‌నగర్ వరకు విస్తరించిన మెన్నొనైట్ బ్రదరెన్ సంఘాల మూలాలు ఆ అనాబాప్టిస్టులలోనే ఉన్నాయి. కతోలికులు జరుపుకొనే క్రీస్తురాజు పండుగను 11వ పయస్ పోపు 1925లో నెలకొల్పాడు. దేశాల పాలకులు కూడా క్రీస్తు రాజరికాన్ని గుర్తించాలన్నది ఆయన ఉద్దేశం.

భాషాపరంగా నేను చెప్పగలిగింది ఇది. మనుషుల విషయంలోనూ 'ఏలు' తప్పు కాదు. అయితే సంఘనాయకుల గురించి రాసేటప్పుడు ఆ క్రియను వాడకపోవడమే మేలు. అన్యజనుల అధికారుల తీరు మీలో ఉండకూడదని, గొప్పవాడు కాగోరినవాడు పరిచారం చేసేవాడై ఉండాలని మార్కు 10వ అధ్యాయంలో యేసే చెప్పాడు కనుక, అక్కడ 'పరిచర్య', 'నడిపించడం' అనే మాటలే పొసగుతాయి.

ఇక మూడవది. 'స్వతంత్ర' విశేషణం, 'స్వాతంత్ర్యం' భావనామం. కనుక స్వతంత్ర దేశం, స్వాతంత్ర్య దినం అనాలి. "స్వతంత్రం వచ్చింది" అని మాటల్లో అనడం జనం వాడుకలో స్థిరపడింది, దానిని దిద్దవలసిన పని లేదు. రాతలో మాత్రం 'స్వాతంత్ర్యం' అనే ఉండాలి. చాలా బ్యానర్ల మీద యకారం ముందు, రకారం తరువాత వచ్చేలా 'స్వాతంత్య్రం' అని అచ్చవుతున్నది. తకారం కింద మొదట రకారం, ఆపైన యకారం రావాలని అచ్చువేసేవారికి ముందుగానే చెప్పండి.