లైబ్రరీలో ప్యాడ్ మార్చినా బోర్డులో పాతదే కనిపిస్తుంటే

కీక్యాడ్‌లో (సర్క్యూట్ బోర్డులు డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్) ఫుట్‌ప్రింట్, అంటే బోర్డు మీద ఒక పార్ట్ కూర్చునే నమూనా, దాని లైబ్రరీలో ప్యాడ్ (పార్ట్ కాలు సోల్డర్ చేసే రాగి చోటు) పెద్దది చేసి సేవ్ చేసినా బోర్డులో పాతదే కనిపిస్తోందా? అది బగ్ కాదండీ. బోర్డు ఫైల్ ప్రతి ఫుట్‌ప్రింట్‌కీ సొంత కాపీ దాచుకుంటుంది. లైబ్రరీలో మార్చింది దానంతట అది అక్కడికి రాదు. పీసీబీ ఎడిటర్‌లో టూల్స్ మెనూ తెరిచి 'అప్‌డేట్ ఫుట్‌ప్రింట్స్ ఫ్రమ్ లైబ్రరీ' నొక్కండి. అక్కడ టెక్స్ట్‌కి సంబంధించిన టిక్కులు చూసుకోండి, లేదంటే ఓపిగ్గా సర్దుకున్న సిల్క్‌స్క్రీన్ పేర్లు, అంటే బోర్డు మీద అచ్చయ్యే పార్టుల పేర్లు, మళ్లీ మొదటికొస్తాయి (నాకు ఒకసారి అయింది, సాయంత్రమంతా దానికే పోయింది). ఆ తర్వాత డీఆర్‌సీ (డిజైన్ నియమాల తనిఖీ) నడపండి. ప్యాడ్ పెరిగింది కాబట్టి పక్క ట్రాక్‌కి (రాగి గీతకి) మరీ దగ్గరైపోయి ఉండొచ్చు.

మీ సొంత ఫుట్‌ప్రింట్లని ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోనే విడి లైబ్రరీగా పెట్టుకుంటే మేలు. ఆ లైబ్రరీ పాత్ ప్రాజెక్ట్ ఫోల్డర్‌ని సూచించే కేఐపీఆర్‌జేమాడ్ (KIPRJMOD) వేరియబుల్‌తో మొదలైతే ఏ కంప్యూటర్‌లో తెరిచినా దొరుకుతుంది.